నర్సులందరూ వెళ్ళిపోయాక నా చేతికి వచ్చిన సూది

ఈ ఏడు ఈస్టర్ పండుగ దాటాక వచ్చిన మూడవ బుధవారం, పొద్దున ఏడు గంటల నలభై నిమిషాలకు, సికింద్రాబాద్‌లో నేను వెళ్ళే ఆసుపత్రి రెండవ అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద కూర్చుని, నా ఎడమ చేతిలో నా కుడి చేత్తో నేనే సూది గుచ్చుకున్నాను. గొట్టంలోకి రక్తం ఎర్రగా ఎక్కింది. సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు నేను బతికి ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ సూది వల్ల, ఆ సూది పట్టిన చేతిని వణక్కుండా ఆపిన ప్రభువు వల్ల! ఆయనకు స్తోత్రం. మిగతా వాళ్ళలో ఎవరికి స్తోత్రం చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో అది కూడా రాస్తాను. కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా నేనేం చేయలేను.

నా పేరు సంతోషమ్మ. పేరు చూసి మోసపోకండి. మాది బన్సీలాల్‌పేట్. బడి హాస్టల్లో నడుము వంగేదాకా పిల్లలకు వంట చేశాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. బైబిలు వాక్యం ఇంకొకరు చదివితే వినడం కాదు, నా కళ్ళతో నేనే చదువుకోవాలని పట్టుబట్టి స్త్రీల సమాజంలో కూర్చుని నేర్చుకున్నాను. కాబట్టి నా రాత వంకరగా ఉంటే మన సంఘం పత్రిక నడిపేవాళ్ళు సరిచేసుకోండి, నా మాటను మాత్రం సరిచేయకండి.

షుగరు జబ్బు నా రెండు కిడ్నీలనూ తినేసింది. డయాలసిస్ యంత్రం వారానికి మూడుసార్లు నా రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపాలి, లేకపోతే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరి ఆడదు. దానికోసం చేతిలో రెండు నరాలు కలిపి కుడతారు, ఫిస్టులా అంటారు దాన్ని. దాని మీద వేలు పెడితే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు గుయ్యిమంటుంది. ఆ గుయ్యిమనేది ఉన్నన్నాళ్ళే మా బతుకులు. అందులో ప్రతిసారీ రెండు లావు సూదులు గుచ్చాలి, ఒకటి రక్తం తీయడానికి, ఒకటి తిరిగి ఎక్కించడానికి. చేయి తిరిగిన నర్సు గుచ్చితే చీమ కుట్టినట్టు ఉంటుంది, చేతకాని వాళ్ళు గుచ్చితే నరం చిట్లి, చెయ్యి వంకాయ రంగుకు తిరిగి, మోచేయి నుంచి భుజం దాకా ఉబ్బిపోతుంది. మణికట్టు దగ్గర నాకు మొదట కుట్టింది అలాగే పాడై మూసుకుపోయింది. మోచేతి దగ్గర కుట్టిన రెండోదే మిగిలింది. అది కూడా పోతే మెడలో గొట్టం పెట్టాలి. నా పక్క మంచం నర్సింగరావుకు అలాగే పెట్టారు, పాపం ఎప్పుడూ జోకులేసి అందరినీ నవ్వించేవాడు, ఆ గొట్టానికి చీము పట్టి చలిజ్వరంతో వణుకుతూ పోయాడు. నాకు మెడలో గొట్టం వద్దు ప్రభువా అని ఆ రోజు నుంచి ప్రార్థన చేసుకుంటున్నాను.

ఇక మన సంఘం సంగతి. మన గుడిలో ఒక ఆచారం ఉంది, మీ అందరికీ తెలుసు. విదేశాలకు వెళ్ళే వాళ్ళు తమ పాస్‌పోర్టును ప్రభువు బల్ల మీద పెడతారు, అయ్యగారు, పెద్దలు దాని మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు, తరువాత వాళ్ళింటివాళ్ళు కేకు పంచుతారు. దేవుడు ద్వారం తెరిచాడు అని సాక్ష్యం చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. స్త్రీల సమాజంలో నేనే పెద్దదాన్ని గనుక నా చెయ్యి కూడా ఆ పాస్‌పోర్టుల మీద పడుతుంది. ఆ పాస్‌పోర్టులు ఎవరివి? మన పిల్లలవి. మన పిల్లల్లో సగం మంది నర్సులు. మెర్సీ పాస్‌పోర్టు మీద చెయ్యి పెట్టాను, మెర్సీ కువైట్ పోయింది. ప్రసన్న పాస్‌పోర్టు మీద పెట్టాను, ప్రసన్న ఇంగ్లండ్ పోయింది. ఇద్దరూ నా డయాలసిస్ వార్డులో నాకు సూదులు గుచ్చిన పిల్లలే! ఆదివారం గుడిలో హల్లెలూయ అని కేకు తిని, సోమవారం పొద్దున వార్డుకు పోతే ఆ పిల్ల ఉండేది కాదు. ఇలాంటి హల్లెలూయ ఎంత చేదుగా ఉంటుందో నా నాలుకను అడగండి.

ప్రసన్న పోయాక కొత్తగా కవిత అనే అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల. కానీ ఆమెకు నేర్పేవాళ్ళేరి? నేర్పగలిగిన వాళ్ళంతా విమానం ఎక్కారు. ఆమె నా నరం దాటించి సూది దించేసింది, చెయ్యి బండలా బిగుసుకుపోయింది, గుయ్యిమనేది ఆగిపోయిందేమోనని నేను వేలు పెట్టి చూసుకుంటూ ఏడ్చాను, ఆమె కూడా ఏడ్చింది. చివరికి ఇంకో వరసలో పనిలో ఉన్న సునీత పరుగెత్తుకు వచ్చి కాపాడింది. ఆ రోజు నుంచి సునీత తప్ప ఇంకెవరూ నన్ను ముట్టుకోవడానికి వీల్లేదన్నాను.

సునీతది గుంటూరు వైపు, కాప్రాలో అక్క ఇంట్లో ఉండేది, మన గుడికే వచ్చేది. నా చేతిని నా కంటే బాగా ఎరుగును. మరి ఆ పిల్ల బతుకు చూస్తే, ఒక్కతే రెండు వరసల మంచాలు చూసుకునేది, ఒక యంత్రం కూస్తే అటు పరుగు, ఇంకొకటి కూస్తే ఇటు పరుగు. ఒకసారి అడిగాను, తిన్నావా బిడ్డా అని.

"తిన్నానండీ మామ్మగారూ, నిలబడి" అంది. "కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో గుర్తులేదండీ."

అలాంటి పిల్ల ఐర్లండ్ పోతానంటే తప్పు పట్టడానికి నాకు నోరెలా వస్తుంది? అక్కడ మనిషిలా చూస్తారట, పనికి తగిన జీతం ఇస్తారట. ఇక్కడ నర్సును గోడకు ఉన్న స్విచ్చులా చూస్తారు, నొక్కితే వెలగాలి అంతే. ఇది ఆసుపత్రి నడిపే పెద్దమనుషులకు రాస్తున్నాను, చదివితే చదవండి, లేకపోతే లేదు. పిల్లల్ని ఇక్కడ చదివించి, ఇక్కడి రోగుల చేతుల మీద పని నేర్పించి, చేయి కాస్త కుదురుకున్నాక వేరే దేశం వాళ్ళకు అప్పగిస్తున్నాం. నేర్చుకునేటప్పుడు తగిలిన దెబ్బలు మావి, నేర్చుకున్న చేతులు వాళ్ళవి!

సునీత పాస్‌పోర్టు కూడా బల్ల మీదకు వచ్చింది. అయ్యగారు ప్రార్థన చేసి, "సంతోషమ్మగారూ, మీరు కూడా ఆశీర్వదించండి" అన్నారు. నేను చెయ్యి పెట్టాను. ఆ చెయ్యి కిందనే నా ప్రాణం ఉన్నట్టనిపించింది. అప్పుడు నా నోట వచ్చిన ప్రార్థన ఇదీ, మీలో చాలామంది విన్నారు:

"ప్రభువా, ఈ పిల్లను నువ్వే పంపుతున్నవని అందరు అంటున్నరు. మంచిది. పంపు. దారిలో కాపాడు. మరి నా చేతికి ఎవరిని పంపుతున్నవ్? మా వార్డుకు ఎవరిని పంపుతున్నవ్? పోయెటోళ్ళకు ద్వారం తెరిచినవ్, వచ్చెటోళ్ళకు ఏ ద్వారం తెరుస్తవో అది సుత చెప్పు. చెప్పేదాక అడుగుతనే ఉంట. ఆమెన్."

ఆమెన్ అని ఒక్కరూ అనలేదు. అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. బయటికి వచ్చాక సంఘ పెద్ద ఒకాయన, పేరు రాయను, "ఏందమ్మా, శుభమా అని వీసా వస్తే గిట్ల అడ్డం మాట్లాడుతవు" అన్నాడు. "నీ కిడ్నీలు మంచిగున్నయి కద, నువ్వు కేకు తినుపో" అన్నాను.

సోమవారం వార్డుకు పోయాను. సునీత నా మంచం దగ్గరకు వచ్చింది, ముఖం ముడుచుకుని ఉంది.

"అందరి ముందూ అలా అన్నారేంటండీ మామ్మగారూ? మా అక్క నిన్నటి నుంచి ఏడుస్తోంది."

"నిన్నేమన్న బిడ్డా? దేవుణ్ణి అడిగిన."

"ఏమన్నా చెప్పాడా మరి?"

"ఇంక చెప్పలే."

ఎదురు మంచం మీద కాప్రా ఆటో డ్రైవర్ మల్లేశ్ ఉంటాడు. వాడు ఊరుకోడు కదా, "అవ్వా, దేవునికి సుత వీసా వచ్చిందేమో, ఎయిర్‌పోర్ట్‌ల అడిగి చూడు!" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, చెప్పడానికి సిగ్గేమిటి, దేవుడి ముందు ఏడ్చేటప్పుడు నవ్వు కూడా వస్తుంది.

సునీత మాత్రం నవ్వలేదు. సూది తీసి, గుచ్చకుండా, నా కుడి చేతిలో పెట్టింది.

"పట్టుకోండి. ఇలా కాదు, చపాతీ కర్రలా కాదండీ, పెన్నులా పట్టుకోండి. యాభై దాటాక పెన్ను పట్టారుగా, ఇదీ పట్టండి. నేను వెళ్ళడానికి ఇంకా టైముంది. ఈలోగా నేర్పేస్తాను."

"పిచ్చి లేసిందా నీకు?"

"కొన్ని దేశాల్లో రోగులే గుచ్చుకుంటారండీ. నేను చదువుకున్నాను. దేవుడు మీకు జవాబు పంపాడేమో, నాతోనే పంపినట్టున్నాడు."

సహోదరులారా, నేను అడిగింది ఇది కాదు! నేను మనిషిని అడిగాను. నా ముసలి చెయ్యే నాకు జవాబని ఆయన అంటే, నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ కొంచెం ఉంది, దాచను.

డాక్టరు శ్రీనివాస్ బాబు ఒప్పుకోలేదు. "అమ్మా, ఇది కూరగాయలు తరగడం కాదమ్మా" అన్నాడు.

"నాకు తెల్వదా బాబూ? సరే, సునీత పోయినంక నువ్వొచ్చి రోజూ గుచ్చుతవా?"

ఆయన బల్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండేది, అది ఏ దేశం పరీక్షకో నేను అడగలేదు, అడిగితే ఆయన చెప్పేవాడు, చెబితే నేను మళ్ళీ బల్ల దగ్గర చెయ్యి పెట్టాల్సి వచ్చేది. చివరికి, సునీత పక్కన నిలబడితేనే, తను చూస్తుంటేనే అని ఒప్పుకున్నాడు.

ఆ నేర్చుకోవడం ఎంత కష్టమో! తడి గుడ్డలో రబ్బరు గొట్టం చుట్టి ఇచ్చింది, ఇంట్లో దాని మీద గుచ్చి గుచ్చి నేర్చుకున్నాను. సూది మూతి పైకి ఉండాలి, ఏటవాలుగా దించాలి, రక్తం కనబడగానే పడుకోబెట్టాలి. తరువాత ప్రతిసారీ అదే చోట, అదే దారిలో గుచ్చితే నెమ్మదిగా చెవి పోగు రంధ్రంలా దారి పడుతుందట. ఆ దారి సునీతే తన చేత్తో నాకు వేసి పెట్టింది. నా వేళ్ళు వణికేవి, కళ్ళద్దాలు ముక్కు మీదకు జారేవి, చర్మం దగ్గరదాకా పోయి వెనక్కి వచ్చేసేదాన్ని. రెజిమెంటల్ బజార్ నుంచి వచ్చే రహీమున్నీసా, నా పక్క మంచం, "అరె సంతోషమ్మా, ఎందుకమ్మా ఇంత తక్లీఫ్, దేఖ్‌నా కష్టమైతుంది" అని, చూడలేక ముఖం తిప్పుకునేది.

ఇక ఆ బుధవారం వచ్చింది. సునీతకు అదే ఆఖరి డ్యూటీ. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, సాయం చేయనని ముందే చెప్పింది. నేను ఇలా ప్రార్థన చేశాను: "ప్రభువా, నా చెయ్యి పట్టుకొమ్మని అడగను, నువ్వు పట్టుకుంటే నేనెట్ల గుచ్చుకుంట? వణకకుండ చూడు, చాలు." అంతే, సూది దించాను. లోపల పట్టు తప్పి దారి దొరికినట్టు ఒక చిన్న జారు, వెంటనే రక్తం! రెండోది కూడా దించాను. యంత్రం తిరగడం మొదలైంది. నా చెయ్యి ఉబ్బలేదు, నల్లబడలేదు. వేలు పెట్టి చూసుకుంటే గుయ్యిమంటూనే ఉంది. నాకు మెడలో గొట్టం తప్పింది! దేవునికే మహిమ!

మీ ముందు అబద్ధం ఆడను. ఇది విడుదలే, కానీ ఇది పండుగ కాదు. నర్సు లేక ఒక ముసలిది తన చేతిలో తానే సూదులు గుచ్చుకుంటోంది. కళ్ళు సరిగా కనబడని రహీమున్నీసా ఎలా గుచ్చుకుంటుంది? చంటిపిల్లాడికి డయాలసిస్ కావలసి వస్తే వాడెలా గుచ్చుకుంటాడు? దేవుడు నన్ను విడిపించాడు, మనం ఒకరినొకరం విడిపించుకోలేదు.

అయినా నమ్మండి. నేను నమ్ముతున్నాను. నేను ఏది అడిగానో అది ఆయన ఇవ్వలేదు, నేను బతకడానికి ఏది కావాలో అది ఇచ్చాడు, అది కూడా చేదు మందులా ఇచ్చాడు. మీలో రోగంతో ఉన్నవాళ్ళు ఆయనను మొహమాటం లేకుండా అడగండి, గట్టిగా అడగండి, గుడిలో అందరూ వినేటట్టు అడగండి. ఇక చేతులుంచే పెద్దలకు ఒక్క మాట. పాస్‌పోర్టు మీద చెయ్యి పెట్టండి, వద్దనను. ఆ చేత్తోనే ఆ పిల్ల వదిలిపెట్టి పోయిన మంచం మీద పడుకున్నవాళ్ళ తల మీద కూడా చెయ్యి పెట్టండి. ఈ ఊళ్ళోనే ఉండి పనిచేస్తానన్న పిల్ల ఒక్కతె ఉన్నా, ఆమెను కూడా బల్ల దగ్గరకు పిలిచి చప్పట్లు కొట్టండి, ఆమెకు కూర్చుని తినే తీరిక ఇప్పించండి. ఆ రోజు నేనే కేకు తెస్తాను.

ఆ బుధవారం ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు: సునీత, ఇప్పుడు ఐర్లండ్‌లో ఉంది, బాగుండాలి, డాక్టరు శ్రీనివాస్ బాబు, కొత్తమ్మాయి కవిత, ఆ రోజు నా ప్రతి వేలినీ చూసి నేర్చుకుంది, నోరు మూసుకుని చూసిన మల్లేశ్, ముఖం తిప్పుకున్న రహీమున్నీసా, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయిన యాదమ్మ, నేను, సంతోషమ్మ, మా అందరి పైన ప్రభువు. ఇంకెవరూ లేరు. ఉండవలసినవాళ్ళు ఉండి ఉంటే నేను ఈ సాక్ష్యం రాయవలసిన పనే ఉండేది కాదు.