చక్రం కింద నిమ్మకాయ

ముందుగా క్షమాపణలు. నివాళి అనే గంభీరమైన ప్రక్రియకు, దాన్ని ఇన్నేళ్లు మోసుకొచ్చిన పెద్దలకు, కాన్‌బెర్రా హారిసన్‌లో మా వీధి ఊడ్చే సర్కారు బండికి, సమస్త నిమ్మజాతికి చేతులు జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. మా సైకిల్ అంకుల్ పోయారు. నాలుగు మంచి మాటలు రాసిమ్మని మన పత్రికవాళ్లు అడిగారు. మంచి మాటలు రాసే చెయ్యి కాదిది. పై క్షమాపణలో పెద్దగా నిజం లేదని కూడా ఇక్కడే మనవి చేస్తున్నాను. నేను నిజంగా చేసింది వేరే ఒకటుంది. అది చివర్లో చెప్తాను.

కబురే తికమకగా వచ్చింది. శుక్రవారం పొద్దున మా రైడ్ గ్రూప్‌లో అంకుల్ నంబర్ నుంచే మెసేజ్. ఫోన్ తెర మీద మొదటి ముక్కే కనపడింది, రేపటి రైడ్ క్యాన్సిల్ అని. శనివారం చీకటితో లేవక్కర్లేదన్న ఆనందంలో బొటనవేలు ఎత్తి, పక్కన డాన్స్ చేసే బొమ్మ కూడా పెట్టి పంపేశాను. ఆ తర్వాత మెసేజ్ తెరిచాను. రెండో వాక్యంలో నాన్న ఇక లేరని ఉంది. రాసింది వాళ్లమ్మాయి. నిద్రలోనే పోయారట. పంపిన బొమ్మని తీసేద్దామని నొక్కితే, తప్పు చోట తగిలి ఇంకో బొటనవేలు వెళ్లింది.

ఆయన నాకేమవుతారో ఇప్పటికీ తెలీదు. చుట్టం కాదు. ఒకే ఊరివాళ్లమూ కాదు, ఆయనది బాపట్ల వైపు, మాది ఖమ్మం. ఇక్కడి యూనివర్సిటీలో చదివేటప్పుడు వాళ్లింటికి రెండిళ్ల అవతల గది అద్దెకి తీసుకున్నాను. ఓ శనివారం పొద్దున పాల డబ్బా పట్టుకుని వస్తుంటే, వాళ్ల డ్రైవ్‌వేలో కొందరు హెల్మెట్లు పెట్టుకుని, ఒక సైకిల్ చుట్టూ నిలబడి, తలలు వంచి కిందికి చూస్తున్నారు. ఎవరో పడ్డారనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ముందు చక్రం దగ్గర నిమ్మకాయ.

కొత్త కారు కొంటే నిమ్మకాయ తొక్కించడం మనకి తెలిసిందే. అంకుల్ సైకిళ్లకి కూడా తొక్కించేవారు, అదీ బయల్దేరిన ప్రతిసారీ. చిక్కల్లా ఏమిటంటే సైకిల్‌కి బరువుండదు. చక్రం తగలగానే కాయ పక్కకి దొర్లిపోతుంది. ఆ రోజు అప్పటికే ఒక కాయ కాలవలోకి పోయిందట. అంకుల్ తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా, ముఖ్యంగా మధ్యలో, శ్రద్ధగా పరిశీలించారు.

“బాబూ, ఓసారి ఎక్కి కూర్చుంటావా?”

కూర్చున్నాను. కాయ దొర్లకుండా ఆయన దానికి అటో గులకరాయి, ఇటో గులకరాయి పెట్టారు. చక్రం ముందుకి జరిగింది. పిచుక్కుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా డిగ్రీ పట్టాకి కూడా అన్ని చప్పట్లు పడలేదు. ఆ రోజు నుంచి నా పేరు పొత్రం, రుబ్బురోట్లో తిరుగుతుందే, అదే. ఆ బిరుదుతో పాటు షెడ్‌లోంచి ఒక పాత సైకిల్ కూడా దయచేశారు.

కాయలు మాత్రం ఆంటీ చెట్టువి. ఈ ఊరి చలికి మాడిపోకుండా రాత్రిళ్లు పాత దుప్పటి కప్పి పెంచుకున్న చెట్టు. ఊరగాయకని దాచుకున్నవి ఒక్కో టూర్‌కి ఒక్కో సైకిల్ కింద నలిగిపోతుంటే, వంటింటి కిటికీలోంచి ఎప్పుడూ ఒకటే మాట వినపడేది: “నా చెట్టు మీ చక్రాల కోసం కాయట్లేదండీ.” అంకుల్ వినపడనట్టు హెల్మెట్ సర్దుకునేవారు. ఆవిడ ఒక్క టూర్‌కి రాలేదు. సాగనంపడానికి గుమ్మం దాటి వచ్చిందీ లేదు.

కుక్కని తిప్పుతూ వచ్చిన పక్కింటాయన ఓసారి ఆగి, ఏం చేస్తున్నారని అడిగాడు. నేను పురాణం ఎత్తుకోబోతుంటే అంకుల్ అడ్డుపడి, “పంక్చర్ ఇన్సూరెన్స్, మేట్” అని తేల్చేశారు. ఆయన మహా తెలివైన పనన్నట్టు తలూపి వెళ్లాడు.

నా మొదటి టూర్ సముద్రానికి. కాన్‌బెర్రా నుంచి బ్రెయిడ్‌వుడ్ మీదుగా బేట్‌మన్స్ బే దాకా. సైకిల్‌కి రెండువైపులా సంచులు, ఒకదాన్లో టెంటు, ఇంకోదాన్లో పులిహోర. మొదటి గంటలోనే మాగ్‌పై అనే ఇక్కడి నలుపు తెలుపు పిట్ట ఒకటి వెనకనుంచి వచ్చి నా హెల్మెట్ మీద టపీమని తన్ని పోయింది. ఆ తర్వాత ఎత్తు. నేను ఏడుపు మొహం పెట్టి తొక్కుతుంటే అంకుల్ పక్కకొచ్చి, “గేర్ మార్చరా, మొహం మార్చకు” అన్నారు. ముందు పోయేవాడు గాలి తింటాడు, వెనకొచ్చేవాడు పులిహోర తింటాడు అనేది ఆయన ఇంకో సిద్ధాంతం. అందుకే ఎప్పుడూ అందరికన్నా వెనక వచ్చేవారు. అది వయసు వల్లో, పులిహోర వల్లో, దారిలో రాలిపోయిన నాలాంటివాళ్లని ఏరుకోవడానికో, అడగాలని తోచలేదు.

బ్రెయిడ్‌వుడ్ దాటగానే పంక్చర్ అయింది. అంకుల్‌దే. ఇంతకన్నా మంచి అవకాశం రాదని, ఇన్సూరెన్స్ ఏమైందని వినయంగా అడిగాను.

“తొక్కించకపోతే రెండు చక్రాలూ పోయేవి” అన్నారు, ట్యూబ్ మీంచి తలెత్తకుండానే.

ఇలాంటి మనిషితో ఎవడు వాదిస్తాడు?

మూడో రోజు సాయంత్రానికి సముద్రం దగ్గరికి చేరాం. మిగతావాళ్లు ఫోటోలు దిగుతుంటే ఆయన నీళ్లలో వేలు ముంచి నాలిక్కి రాసుకుని, బాపట్ల ఉప్పు లేదని తీర్పిచ్చారు. ఆ తీర్పు మూడ్‌లో ఉండగానే అడిగాను, నిజంగా నమ్ముతారా అంకుల్ ఆ నిమ్మకాయని, అని. తడి వేలు చొక్కాకి తుడుచుకున్నారు.

“నమ్మకం సంగతి తెలీదురా పొత్రం. తొక్కించకపోతే బయల్దేరినట్టుండదు.”

ఇదేం జవాబో నాకు అప్పుడూ అర్థం కాలేదు. బుధవారం దాకా అర్థం కాలేదు.

బుధవారం ఆయన్ని ఆఖరిసారి ఇంటికి తెచ్చారు. పొడవాటి నల్ల కారు, ముక్కు వీధివైపు పెట్టి, సరిగ్గా మా సైకిళ్లు వరసగా నిలబడే డ్రైవ్‌వేలోనే ఆగింది. నల్ల సూట్లలో ఇద్దరు మర్యాదగా, గడియారం చూడనట్టు చూసుకుంటున్నారు. నాకు మాత్రం ఒకటే కనపడుతోంది. అంకుల్ ఇదే డ్రైవ్‌వేలోంచి నిమ్మకాయ తొక్కించకుండా వెళ్లిపోబోతున్నారు.

కానీ తొక్కించేది శుభానికి కదా. ఇది బయల్దేరడమా, కాదా? వారమంతా సాఫ్ట్‌వేర్, సెలవు రోజుల్లో పౌరోహిత్యం చేసే మా పంతులుగారి చెవిలో అడిగాను. శాస్త్రంలో ఎక్కడా లేదన్నారు. మళ్లీ తనే, వద్దని కూడా ఎక్కడా లేదన్నారు. వాళ్లమ్మాయిని అడుగుదామని వెళితే, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో ఆమె నన్నే అడిగింది, “పొత్రం, వాట్ డు వి డూ నెక్స్ట్?” అని. మా గ్రూప్‌లో ఒకాయన నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. ఆంటీకి ఆ నిమ్మకాయలంటేనే మంట, ఈ పూట ఆవిడని బాధపెట్టకు, అయినా నువ్వు వాళ్లకేమవుతావని అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే కారు చుట్టూ తిరిగి దండం పెట్టుకుంటున్నారు. ఆఖర్న ఆంటీ గుమ్మం దాటి వచ్చారు. చుట్టూ తిరుగుతూ అవతలి వైపు ఒక్క క్షణం కిందికి వంగారు. తట్టుకోలేక కూలబడ్డారేమో అనుకుని అందరం తలలు తిప్పుకున్నాం.

ఇక నేను చేసిన పని. పెరట్లోకి వెళ్లి, ఎవర్నీ అడక్కుండా ఆ చెట్టు నుంచి ఒక కాయ కోశాను. కారు ముందుకొచ్చి, ఎడమ చక్రం దగ్గర బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను. వేసుకున్నవి చెప్పులు. కాయ పెట్టి, దానికి అటో గులకరాయి, ఇటో గులకరాయి పెట్టి లేచి, ఏమీ ఎరగనట్టు చేతులు కట్టుకున్నాను.

కారు కదిలింది. ఈసారి నా బరువు అవసరం పడలేదు. నెమ్మదిగా వీధిలోకి దిగి, చివర్న ఎడమవైపు లైటు మిణుకుమిణుకుమంటూ మలుపు తిరిగింది. డ్రైవ్‌వే అంతా నిమ్మవాసన. ఆంటీ మలుపు వైపే చూస్తూ, కొంగుతో వేళ్లు తుడుచుకుంటున్నారు.

కారు నిలబడిన చోట నలిగిన కాయలు రెండున్నాయి. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. రెండింటికీ అటో గులకరాయి, ఇటో గులకరాయి.

నేను పెట్టింది ఒక్కటే.