పేజీ తీసేసినా పోని ఫోటో

పొరుగు రాష్ట్రంలోని ఇనుప గనుల ఊరు బచేలిలో మా తెలుగు సంఘం వెబ్‌సైట్ నిండా తప్పులేనని మీటింగులో గొడవ పెట్టుకున్నాను. అయితే మీరే చూసుకోండి అంటూ కార్యదర్శిగారు పాస్‌వర్డ్ నా మొహాన కొట్టారు. బీయస్సీ చదివాను గాని కోడ్ రాయడం నాకు రాదు. రానక్కర్లేదట. జనం చూసే ముందు భాగం ఒకటి, మనం సర్దుకునే వెనక భాగం ఒకటి. వెనక్కి వెళ్ళి ఉత్తరంలా టైపు చేసి ‘పబ్లిష్’ నొక్కితే పేజీ తయారు. ఇంతోటిదానికి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పేరు.

మా ఇంట్లో వంట చేసే ఆమెది అడవి లోపలి ఊరు, బాసగూడ. తల్లీ తమ్ముడూ ఇంకా అక్కడే ఉన్నారు. ఒకరోజు మావారు గని షిఫ్టుకు వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆమె పిండి చేతులతో నా వెనకే నిలబడిపోయింది. తెర మీద, సంఘం దుప్పట్లు పంచిన రోజు ఫోటో. అందుకుంటున్నది ఆమె, ఇస్తున్నది అతిథిగా వచ్చిన పోలీసు అధికారి. కింద ఆమె పేరు, ఊరు. కార్యదర్శిగారే ముచ్చటపడి పెట్టారు.

“తీసెయ్యి అక్కా. మా ఊరోళ్ళు చూస్తే పోలీసోళ్ళ మనిషినంటరు. మా తమ్ముణ్ణి ఏంజేస్తరో ఏందో.”

అడవిలోని నక్సలైట్లకూ పోలీసులకూ నడుమ నలిగే ఊళ్ళలో ఆ అనుమానం పడిందంటే ప్రాణాల మీదికి వచ్చినట్టే. వెంటనే పేజీ డిలీట్ చేశాను. అనుమానం తీరక, కార్యదర్శిగారు సంఘం గ్రూపులో పంపిన ఫోటో లింకు నొక్కాను. ఫోటో తెరుచుకుంది. ఆయనకు ఫోన్ చేశాను.

“పేజీ తీసీసారు కదండి, ఇంకేటండి మీ కంగారు?”

“మీ తమ్ముడైతే ఇంత నింపాదిగా ఉండేవారా?” అని పెట్టేశాను.

తర్వాత తెలిసింది, ఫోటోలు పేజీలో ఉండవు. ‘మీడియా లైబ్రరీ’ అని వేరే చోట ఉంటాయి. పేజీ పోయినా అవి అక్కడే పడి ఉంటాయి. వెతికి, శాశ్వతంగా తీసేశాను. ఈసారి లింకు తెరుచుకోలేదు.

ఆమె తమ్ముడి ఫోన్ సాయంత్రం దాకా కలవలేదు. కలిశాక, టవర్ పనిచేయలేదన్నాడు. బాగానే ఉన్నాడు. అయినా ఆమె మొహం తేటపడలేదు. ఊళ్ళో ఎవరైనా ఫోటో చూశారేమో తమ్ముణ్ణి కనుక్కోమనలేకపోయావా అన్నాను.

“ఎట్ల అడగాలె అక్కా? చూసిన్రా అంటే, ఏంది చూసేది అంటరు గదా.”