మట్టి పోయిన కేసు

మీ పిన్ని కూతురు రాజమండ్రిలో నా దగ్గరే ఉండి క్రిమినాలజీ చదువుతోంది కదర్రా. అంటే మనిషి దొంగెందుకవుతాడో, వాణ్ణెలా పట్టుకోవాలో నేర్పే చదువంట. డిగ్రీ చేతికొస్తే ఎస్సై పరీక్ష రాస్తానంటుంది. ఆ డిగ్రీకి ఒక్క ప్రాక్టికల్ మిగిలింది. అది పోతే ఏడాది పోయినట్టే.

కాలేజీలో గది ఖాళీ లేదని ఆ పరీక్ష మనింట్లో పెట్టారు. ముందురోజు సాయంత్రం పరీక్ష పెట్టే మేడంగారొచ్చి, పిల్లని బయటికి పంపేసి, మనింట్లో ఉత్తుత్తి దొంగతనం చేశారు. బీరువా తలుపులు తీశారు. పెరటి గుమ్మం నుంచి బీరువా దాకా మట్టి చెప్పులతో నడిచారు. స్టీలు గ్లాసుని వేళ్లతో గట్టిగా నొక్కి బల్లమీద పెట్టారు.

"రేపు పదింటికి వస్తానండి. అప్పటిదాకా ఏదీ ముట్టుకోవద్దండి. మీ మనవరాలిని గదిలోకి రానివ్వద్దండి," అన్నారు.

"అయ్యో, నేనెందుకు ముట్టుకుంటానమ్మా," అన్నాను.

పిల్లని గడప తొక్కనివ్వలేదు. కానీ పొద్దున్న లేచి ఆ గది చూసేసరికి నా ప్రాణం ఉసూరుమంది. మార్కులేసే మనిషి ఇంటికొస్తుంటే బీరువా బార్లా తెరిచి, నేలంతా మట్టి, బల్లమీద తోమని గ్లాసు! ఇలాంటి ఇల్లు చూసి ఎవరైనా మార్కులేస్తారా? బీరువా మూశాను. ఫినాయిల్ వేసి రెండుసార్లు తడిగుడ్డ పెట్టాను. గ్లాసు తళతళా తోమి, ఆవిడకి కాఫీ అందులోనే ఇద్దామనుకున్నాను. గుమ్మం ముందు ముగ్గు కూడా వేశాను.

పదింటికి మేడంగారొచ్చి గదిలోకి తొంగి చూసి ఆగిపోయారు.

"నా దొంగతనం ఏదండీ?"

నాకు భయమేసి, "ఏమోనమ్మా, కాఫీ తీసుకోండి," అన్నాను.

ఆవిడ గ్లాసు చూసి నుదురు పట్టుకున్నారు. మనవరాలి మొహం పాలిపోయింది. మేడంగారు కాఫీ పక్కన పెట్టి, "సరే, సాక్ష్యాలు మాయం చేసిందెవరో తేల్చు. అదే నీ పరీక్ష," అన్నారు.

అది నోట్‌బుక్ తీసింది. పుట్టి బుద్ధెరిగాక నన్నెప్పుడూ 'నువ్వు' అనే పిల్ల, "అమ్మమ్మగారూ, పొద్దున్న ఏడింటికి ఎక్కడున్నారండి?" అనేసరికి కొంగు సర్దుకుని నిలబడ్డాను.

"పూజలో ఉన్నానండి," అన్నాను. చూడండర్రా, నేనూ అండి అనేశాను.

అది పెరట్లోకెళ్లి తాడుమీద నేనారేసిన తడిగుడ్డ తెచ్చింది. హడావుడిలో నేను దాన్ని సరిగ్గా జాడించలేదు. నా ముందే బకెట్లోకి పిండితే నల్లటి నీళ్లు కారాయి.

"పూజ దీంతో చేశారాండి?"

ఒప్పేసుకున్నాను.

పంచనామా రాయడానికి సాక్షి ఉండాలన్నారు మేడంగారు. వీధిలో చేపల తట్టతో వెళ్తున్నావిడని పిలిచాం.

"ఏం పోయిందండి?" అందావిడ.

"మట్టి," అంది మనవరాలు.

"మట్టి పోతే కేసేంటమ్మా! మా ఇంటికి రండి, తట్టెడిస్తాను," అని నవ్వుతూనే సంతకం పెట్టింది.

అప్పుడు మేడంగారు ఆఖరి ప్రశ్న అడిగారు. "ముద్దాయి మీ అమ్మమ్మ. ఇప్పుడేం చేస్తావు?"

అది నా వంక చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అమ్మమ్మ కదా అని నన్ను వదిలేసి, మార్కులు పోగొట్టుకుంటుందేమోనని నా బెంగ.

"స్టేషన్‌కి తీసుకెళ్తానండి," అంది.

హమ్మయ్య అనుకున్నాను. మేడంగారు పాస్ అని రాసి కాగితం మడిచేదాకా, బేడీలకోసం రెండు చేతులూ ముందుకి చాపి అలాగే నిలబడ్డాను.