నది నడుమ నా లంక

కొల్లేరులో పుట్టినవాడికి నీళ్ల గురించి ఒకరు చెప్పేదేమిటి అనుకున్నాను. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. దాన్ని మూటగట్టుకునే హిమాచల్ కొండల్లో ఒక బ్యారేజీ కింద, వంతెన కాపలా డ్యూటీలో దిగాను. అక్టోబరు. ఎండ పదింటికి గాని లోయలోకి దిగదు. ఉన్ని టోపీ, రైఫిలు, వాకీటాకీ.

బ్యారేజీ అంటే మన గోదావరి మీది ఆనకట్టలాంటిదేనా అని తాడేపల్లిగూడెం మిత్రులు అడుగుతుంటారు. కాదండీ. అక్కడ నదిని సొరంగంలోకి మళ్లిస్తారు. అది కొండ కడుపులోంచి పోయి, ఎక్కడో దిగువన టర్బైన్లు తిప్పి, మళ్లీ బయటపడుతుంది. నది అలా సొరంగంలో డ్యూటీ చేస్తుంటే, దాని పాత దారి సెలవులో ఉన్నట్టు ఉంటుంది. రాళ్లు, మడుగులు, అంతే.

మా హవల్దార్ గఢ్వాల్ మనిషి. టర్బైన్లు ఆగితే సొరంగం మూసి గేట్లెత్తుతారనీ, సైరన్ మోగగానే ఎత్తుకు ఎక్కాలనీ మొదటి రోజే చెప్పారు. అసలు నదిలోకే దిగొద్దన్నారు.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగాక మడుగులో చేపలు కనిపించాయి. వాకీటాకీ ఇంకా నడుముకే ఉంది. ప్యాంటు మడిచాను. చేతులతో తడుముతుండగా సైరన్ మోగింది.

మా లంకల్లో నీళ్లొస్తే దగ్గర్లో ఉన్న మెరకెక్కి కూర్చుంటాం. నీరు నింపాదిగా వస్తుంది. పడవ వస్తుంది. ఒక్కోసారి పులిహోర పొట్లం కూడా వస్తుంది. నది మధ్యలో ఏనుగంత బండ ఉంది. ఎక్కి కూర్చున్నాను. ఒడ్డుకు పోవాలని తట్టనే లేదు.

బూడిదరంగు నీళ్లు రాళ్లను దొర్లించుకుంటూ మలుపు తిరిగాయి. బండ అదిరింది. భయపడ్డ మాట నిజమే. కానీ అంత బలమున్న నీటిని ఎన్నడూ చూసినవాణ్ణి కాను. ఒళ్లంతా సంబరంతో జలదరించింది.

"ఎక్కడున్నావ్?" వాకీటాకీలో హవల్దార్.

"బండ మీద సార్."

"ఏ ఒడ్డున?"

నీళ్లు నమిలాను. అప్పుడు నమలడానికి నీళ్లకేం కొదవ లేదు.

ఆయన కంట్రోల్ రూముతో మాట్లాడటం వినిపించింది. గేట్లు దించితే వెనక నీరు పొంగుతుందనీ, కాసేపే ఆపగలమనీ ఆపరేటరు అంటున్నాడు.

"ఆ కాసేపే ఇవ్వండి," అన్నారు హవల్దార్.

నీళ్లు అప్పటికి నా పాదాలకు తగులుతున్నాయి. అంతలో హోరు తగ్గింది. నా కళ్లముందే నది సన్నబడింది. రాళ్లు ఒక్కొక్కటీ తేలాయి. వాటి మధ్య చేపలు ఎండలో వెండిలా ఎగిరిపడ్డాయి. హవల్దార్ నడుముకు తాడు కట్టుకుని తొడల్లోతు నీళ్లలో వచ్చి, కాలరు పట్టి నన్ను లాక్కెళ్లారు. ఒడ్డెక్కామో లేదో గేట్లు మళ్లీ లేచాయి. నా బండ మాయమైంది. ఆ చోట తిరుగుతున్న తెల్లటి నురగ ఈనాటికీ నా కళ్లలోంచి పోలేదు.

తర్వాత అక్కడ డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆయన నన్ను అడ్మిరల్ అనే పిలిచారు. రోల్‌కాల్‌లో కూడా.

పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చాను. పోయిన శీతాకాలం ఆయన ఏలూరు స్టేషన్లో దిగి, కొల్లేరు చూపించమన్నారు. దోనె ఎక్కించాను. కనుచూపు మేరా నీళ్లే; ఒక్క కొండ లేదు. దోనె కాస్త ఊగగానే రెండంచులూ పట్టుకుని, తనకు ఈత రాదన్నారు. లోతెంతని అడిగారు. నేను గంభీరంగా ఆకాశంకేసి చూశాను.

దోనె నడిపే పెద్దాయనకు జాలేసింది. "మోకాల్లోతేనని చెప్పేయండి. పాపం, వణికిపోతున్నారండీ."

"చెబుదాం బాబాయ్," అన్నాను. "ఇంకాస్త లోపలికి పోనీ."