నేను కలిపిన కత్తి

ఏళ్ల తరబడి ఒక కత్తిని మోస్తున్నాను. ఇనుప కత్తి కాదు, అసలు లేనే లేని కత్తి. లేనిదానికి ఇంత బరువేమిటని దేవుణ్ని చాలాసార్లు అడిగాను. ఆయన ఏమీ చెప్పలేదు. అడిగిన వెంటనే నేను పాట ఎత్తుకునేదాన్ని, ఆయనకు సందు దొరికి ఉండదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చంద్రపూర్ దగ్గర బల్లార్‌పూర్‌లో బొగ్గు గనుల కాలనీ. మామగారి కాలంలో ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. కాలనీలో తెలుగు ఆరాధన జరిగే చిన్న క్రైస్తవ సంఘం ఒకటుంది. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది బడిలో కాదు, అక్కడే, వాక్యం మీద వేలు పెట్టుకుని. శిక్ష మధ్యలో కొన్నాళ్ల గడువుతో పెరోల్ మీద జైలు నుంచి వచ్చినవాళ్లకు తోడుండే పని ఆ సంఘమే నాకు అప్పగించింది. ఠాణాలో సంతకం పెట్టాల్సిన రోజు గుర్తు చేయాలి. ఏదో ఒక కూలిపని చూపించాలి. సాయంత్రం పాత దోస్తులు పిలిచే వేళకు మా ఇంట్లో టీ ఇచ్చి కూర్చోబెట్టాలి. నా టీ అంత బాగుండదు. అయినా పాపం తాగేవాళ్లు.

సాయిలు అలా వచ్చినవాడే. గని యార్డులో రాగి కేబుల్ దొంగిలించి పారిపోతూ, అడ్డొచ్చిన వాచ్‌మన్‌ను తోశాడు. ఆయన చెయ్యి విరిగింది. అంతే. చిన్న నేరమని కాదు, అంతకు మించి చేయలేదని చెబుతున్నాను. జైలు వంటశాలలో వంట నేర్చుకున్నాడు. ఒకరోజు మా ఇంట్లో వంకాయ కూర వండాడు. అది తిని మా ఆయన నా వైపు చూసిన చూపును క్షమించడానికి నాకు చాలా ప్రార్థన అవసరమైంది.

మా సంఘంలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు తనకు చేసిన మేలు ఎవరో ఒకరు లేచి చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, ట్రాన్స్‌ఫర్ ఆగిందని ఒకరు, కోడలు మళ్లీ మాట్లాడుతోందని ఒకరు. సాయిలు వంతు వచ్చింది. లేచాడు.

"దొంగతనం చేసిన. దొర్కిన. జైలుకు పోయిన. తప్పయింది. ఇంక చెయ్య. వందనాలు."

కూర్చున్నాడు. ఒకే ఒక్క ఆమెన్ వినిపించింది. అది కూడా అప్పుడే కునుకు నుంచి లేచిన ఓ ముసలమ్మది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకు? సాక్ష్యం అతనిది కదా? కానీ అతణ్ని తెచ్చింది నేను, టీ పోసింది నేను. మర్నాడు చెప్పాను.

"గింత చప్పగ చెప్తే ఎట్ల సాయిలూ? దేవుడు నిన్ను ఎంత లోతుల నుంచి లేపిండో జనానికి తెల్వాలె గదా. చేతుల కత్తి ఉండెనని చెప్పు."

"కత్తి లేకుండె గదక్కా."

"మనసుల ఉండె గదా?"

"మనసుల భయం ఉండె."

మనసులో చేసిన పాపం చేత్తో చేసినంతటిదేనని నేను ఎన్ని ప్రార్థన కూటాల్లో విన్నానో! మనసులో కోపం ఉంటే కత్తి ఉన్నట్టే, కత్తి ఉంటే చూపించినట్టే. ఎంత చక్కగా అతికించుకున్నాను. పొరుగువాడి మీద లేనిది చెప్పకూడదన్న ఆజ్ఞను సండే స్కూలు పిల్లలకు చేతులూపుతూ నేర్పేది కూడా నేనే. ఆ వారం కూడా నేర్పాను.

మరుసటి ఆదివారం సాయిలు నేను చెప్పినట్టే చెప్పాడు. కత్తి పనిచేసింది. హల్లెలూయలతో రేకుల పైకప్పు అదిరింది. విసాపూర్ కూటానికి పిలిచారు, తర్వాత రాజురాకు పిలిచారు. రాజురాకు చేరేసరికి కత్తి వాచ్‌మన్ భుజంలో దిగింది. అది కూడా నా సలహానే. ఆటోలో పోతుంటే సాయిలు అడిగేవాడు.

"అక్కా, ఇయ్యాల పొడుసుడా, ఉత్తగ చూపెట్టుడేనా?"

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నవ్వానని ఒప్పుకోవాలి. కూటం తర్వాత పెట్టే కోడికూర బాగుండేదని కూడా ఒప్పుకోవాలి.

ఇదంతా సాయిలుకు తెలిసిందే. అతనికి చాలా ఏళ్లు తెలియనిది ఇప్పుడు చెబుతాను.

ఉప్పర్వాహి దగ్గర లారీ డ్రైవర్లకు మెస్సు నడిపే లింగన్న ఒకసారి మా ఇంట్లో సాయిలు వంట తిన్నాడు. శిక్షలో మిగిలిన కొద్ది నెలలు పూర్తిచేసి రాగానే వంటవాడిగా పెట్టుకుంటానని మాటిచ్చాడు. పెరోల్ గడువు ఇంకా ఉండగానే ఒక మధ్యాహ్నం ఆయన మా గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

"అక్కా, మా అవ్వ రాజురా కూటంల కూసొని వచ్చింది. వచ్చినకాంచి ఒకటే ఏడుపు. 'వంటింట్ల అన్ని కత్తులుంటయ్, గసొంటోన్ని ఎట్ల పెట్టుకుంటవ్‌రా' అంటుంది. నాకైతే మనిషి మంచోడే అనిపిస్తుండు. నువ్వొక్క మాట చెప్పు. నిజంగనే పొడిచిండా?"

"గదంత పాత సంగతి లింగన్నా. దేవుడు మార్చిండు గదా."

"దేవుడు మార్చిండు, సరే. పొడిచిండా, లేదా?"

లేదు. రెండక్షరాలు. నోటిదాకా వచ్చాయి. లోపల గదిలో మా స్త్రీల కూటం వాళ్లు ఇద్దరు కూరగాయలు తరుగుతున్నారు. సాయిలు సాక్ష్యం విని కొంగు తడుపుకున్నవాళ్లు. వాళ్ల కత్తిపీటల చప్పుడు ఆగిపోయింది. వింటున్నారు.

"నీ మనసుకు ఏం తోస్తే గది చెయ్యి తమ్మీ," అన్నాను. "ప్రార్థన చేసుకో."

చేసుకునే ఉంటాడు. వేరే వంటవాణ్ని పెట్టుకున్నాడు.

ఆ పూట నేను కాపాడింది దేవుని మహిమనా, నా పరువునా? ఆ ఇద్దరి ముందు 'కలిపింది నేనే' అంటే ఏమయ్యేది? రెండు వారాలు కాలనీలో నవ్వుకునేవాళ్లు. దానికి బదులు ఒక మనిషి బతుకును పక్కకు తోశాను. సాయిలు వాచ్‌మన్‌ను తోసినట్టే. అతను భయంతో తోశాడు. నేనూ భయంతోనే తోశాను. అతనికి శిక్ష పడింది. నాకు స్త్రీల కూటం నాయకత్వం వచ్చింది.

సాయిలు గడువుకు జైలుకు వెళ్లి, శిక్ష పూర్తిచేసుకుని, సంచితో నేరుగా మెస్సుకు పోయాడు. జాగా లేదన్నారు. లింగన్న అవ్వ వద్దందని అక్కడే ఎవరో చెప్పారట. దేవుడు ఇంకా మంచిది ఉంచాడని చెప్పాను. నమ్మాడు. కట్టెల అడితిలో మోతపని చేశాడు. పని దొరకని రోజులే ఎక్కువ. పాత దోస్తులు మాత్రం రోజూ దొరికేవాళ్లు. ఒక సాయంత్రం వచ్చి, టీ ముట్టకుండా చెప్పాడు.

"పగటీలి యార్డు గోడ దాకా పోయిన అక్కా. ఎవ్వలు పిలువలే, నేనే పోయిన. ఎక్కుదమని గోడ మీద చెయ్యి పెట్టిన. చుర్రుమన్నది. గాడనే నిలబడి సోంచాయించిన. వాపసొచ్చిన."

చంద్రపూర్ ఎండను అందరూ తిడతారు. ఆ రోజు నుంచి నేను తిట్టను. కానీ ఆ గోడ చల్లగా ఉండి ఉంటే? అది ఎక్కించిన చెయ్యి ఎవరిదయ్యేది?

అప్పుడు నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా? "ఆదివారం గిది చెప్పు సాయిలూ!"

"సాక్ష్యం ఇంక చెప్పనక్కా. ఏమన్న ఉంటే వండిపెడ్త."

అన్న మాట నిలుపుకున్నాడు. ఇప్పుడు విసాపూర్ రోడ్డు మీద అతనిది భోజనాల బండి. మధ్యాహ్నం నిలబడటానికి చోటుండదు. పెళ్లయింది, కాస్త బొజ్జ కూడా వచ్చింది. అంతా మేలే జరిగిందిగా అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. మేలు చేసింది దేవుడు, కష్టపడింది సాయిలు. నా వాటా అబద్ధమొక్కటే.

మొన్న మా సంఘం కుర్రవాళ్లు క్రిస్మస్‌కు సాయిలు పాత జీవితం మీద స్కిట్ వేస్తామంటూ అట్టముక్క పట్టుకుని వచ్చారు.

"ఆంటీ, ఆ చాకు ఎంత మోఠా ఉండె? గింత పెద్దగనా?"

"లేకుండె బిడ్డా. నేనే కలిపిన."

ఎలా అన్నానో నాకే తెలియదు. ఒకడు అట్టముక్క వైపు దిగులుగా చూశాడు. "ఇగ స్కిట్‌ల ఏముంటది ఆంటీ?" చీకటి పడకముందే కాలనీ అంతా పాకింది. స్త్రీల కూటంలో నా పక్క కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉంటోంది. కాళ్లు చాపుకోవడానికి వీలుగానే ఉంది.

కానీ అసలు మాట వినాల్సినవాడు విసాపూర్‌లో ఉన్నాడు. వెళ్లాను. లింగన్న నన్ను అడిగిన సంగతి, నేను దాటేసిన సంగతి చెప్పాను. గరిటె ఆగింది.

"నిన్ను అడిగిండా?"

"రెండుసార్లు అడిగిండు."

"నేను ఇన్నేండ్లు గా ముసలవ్వను తిట్టుకుంట తిరిగిన గదక్కా. పాపం, సచ్చిపోయింది గూడ."

మళ్లీ పప్పు కలపడం మొదలుపెట్టాడు. నేను నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. క్షమించానన్న మాట కోసమే. తర్వాత అర్థమైంది. అడిగితే అంటాడు. నాకు కావలసిన మాటను మళ్లీ అతని నోట పలికించినట్టవుతుంది. అడగకుండా వచ్చేశాను. ఆ తర్వాత అతను ఫోన్ చేయలేదు, ఆరాధనకు కూడా రాలేదు. అది అతని ఇష్టం.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అలవాటుగా ప్రార్థన మొదలుపెట్టాను, కానీ మాటలు రాలేదు. నిద్ర వచ్చింది. ఎంత గట్టిగా పట్టిందంటే, నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. చివరి స్టాపులో కండక్టర్ భుజం తట్టి లేపాడు. ఎండలో అంత దూరం వెనక్కి నడిచాను, నవ్వుకుంటూ.