వెండి గ్లాసుకు మూడే మాటలు

మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీలో వార్షికోత్సవం దగ్గర పడితే పిల్లలు వరండాలో స్టవ్వు పెట్టి మైదా లై ఉడికిస్తారు. అట్టలు, రంగు కాగితాలు అంటించడానికి. ఆ వాసన తగిలితే చాలు, నాకు పాఠం మీద మనసు నిలవదు. సుగుణ టీచర్ గుర్తొస్తుంది. ఒక్కసారి కనబడితే బాగుండుననిపిస్తుంది.

స్టేషన్ ఘన్‌పూర్ బడిలో ఆమె మాకు తెలుగు చెప్పేది. తొమ్మిదో తరగతిలో తనే ఒక నాటకం రాసింది. దొర వంటింట్లో గిన్నెలు తిరగబడతాయి. మట్టికుండ ముందు నడుస్తుంది. గెలిచాక రొట్టెలు కాల్చే ఇనుప పెంక తానే దొరై కూర్చుంటుంది, అడ్డం వచ్చిన కుండ పగిలిపోతుంది. ఇంత గొడవలో వెండి గ్లాసు మాత్రం గూట్లో మెరుస్తూ ఉంటుంది. దానికి మూడే మాటలు: "అవునా?", "అయ్యో పాపం!", "నన్నేం జెయ్యమంటరు?" ఆ వేషం నాకిచ్చింది. భూములున్న ఇంటి పిల్లను, బడిలో నా మాటకు ఎదురుండేది కాదు. నాకు ఒళ్లు మండింది.

"గిదేంది టీచర్, నాకు మూడే మాటలా?"

"ఆ వేషం ఎందుకున్నదో ఒక పేజీ రాసుకరా. మంచిగ రాస్తే కుండ వేషం నీకే ఇస్త."

మా ఇంటి ఆడపిల్లలు స్టేజీ ఎక్కేవాళ్లు కాదు. బాపును అడగడానికి టీచర్ స్వయంగా మా ఊరొచ్చింది. ఆమెది ఏ వాడో మా ఇంట్లో అప్పటికే ఆరా తీశారు. బాపు కుర్చీ వేయించాడు, "టీచర్ గారూ" అంటూ మర్యాదగానే మాట్లాడాడు. లోపల నాయనమ్మ చాయ్ వడపోస్తూ, "గోడ మీది గ్లాసు తే, బిడ్డా" అంది. పెరటి గోడ మీద కూలోళ్ల గ్లాసులుండేవి. తాగినవాళ్లే కడిగి, మళ్లీ గోడ మీద బోర్లించి పోవాలి. నాకు అంతా తెలుసు. తెచ్చిచ్చాను. చాయ్ పోసిస్తే తీసుకెళ్లి టీచర్ చేతిలో పెట్టాను.

ఆమె గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది, తాగింది. తర్వాత లేచి పెరట్లోకి నడిచి, కుళాయి కింద కడిగి, గోడ మీద బోర్లించింది. ఎక్కడ పెట్టాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బాపు ఆ రోజు చూద్దామని ఆమెను పంపేశాడు. నేను రెండు పూటలు అన్నం మానేసి అలిగితే మర్నాడు సరేనన్నాడు.

సోమవారం నా పేజీ ఇచ్చాను. వెండి గ్లాసు విలాసానికి గుర్తు, స్వార్థపరుల వర్గానికి ప్రతీక అని గైడు భాషలో దంచేశాను. అంత జరిగాక కూడా! తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు. టీచర్ ఓపిగ్గా చదివింది.

"తప్పు లేదు. మార్కులు పడ్తయి. కానీ జర ఆలోచించు, అది ఎవర్ని గొట్టలె, తిట్టలె. కుండ పగిల్తే ఏడ్చింది గూడ."

"మరి దాని తప్పేంది టీచర్?"

"గది నువ్వే చెప్పాలె. తొందరేం లేదు. ఎన్నడు తెలిస్తే అన్నడే చెప్పు."

మా ఇంటి చాయ్ గ్లాసు సంగతి టీచర్ ఆ రోజే కాదు, ఎన్నడూ ఎత్తలేదు. కుండ వేషం నేను మళ్లీ అడగలేదు. టీచర్ తనే మైదా లై ఉడికించి మా అట్ట వేషాలన్నీ అంటించింది. నాటకం రోజు నా మూడో మాటకు జనం పడీపడీ నవ్వారు. తెర పక్కన టీచర్ కూడా నవ్వింది. ఆ వేసవిలోనే ఆమెకు గార్లకు బదిలీ అయింది, తర్వాత అక్కడే స్థిరపడింది.

ఖమ్మంలో మా అత్తగారిల్లు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రైలు గార్లలో ఆగుతుంది. ప్రతిసారీ దిగుదామనుకునేదాన్ని. పిల్లలు చిన్నవాళ్లని, సామాను ఎక్కువుందని, వచ్చేసారి చూద్దామని సర్దుకునేదాన్ని. నిరుడు పాత స్నేహితురాలు ఫోన్ చేసి టీచర్ పోయిందని చెప్పింది. పోయి అప్పటికే రెండు నెలలట.

టీచర్, నాకిప్పుడు తెలిసింది. నాటకం కోసం అన్నం మానేసినదాన్ని, మీ కోసం ఒక్క మాట అనలేకపోయానా? "లోపలి గ్లాసులో ఇయ్యి నాయనమ్మా" అంటే నన్నెవరూ కొట్టేవాళ్లు కాదు. కసిరేవాళ్లు, నేను ఏడ్చేదాన్ని, ఆఖరికి ఇచ్చేవాళ్లే. ఆ ఇంట్లో కూలోళ్ల మాట చెల్లదు, మీ మాట చెల్లదు. నా మాట చెల్లేది. చెల్లుతుందని తెలిసీ నోరు మూసుకున్నాను. వెండి గ్లాసు తప్పు అదే టీచర్.