కుట్టుమిషను వదిన తేనెపెట్టె

చచ్చిన తేనెటీగలను లేపి కూర్చోబెట్టిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే, మన కుట్టుమిషను వదిన. చలికాలం చివర రోజూ మెడలో టేపుతోనే పెరట్లోకి వెళ్లి తను పెంచే తేనెటీగల పెట్టెలను ఒక్కోటీ కాస్త ఎత్తి చూస్తుంది. తేలిగ్గా లేస్తే లోపల తేనె అడుగంటినట్టే. ఈసారి తనకు ప్రాణమైన చివరి పెట్టె అగ్గిపెట్టెలా లేచింది. మూత తీస్తే గుప్పెడు ఈగలు ముద్దకట్టి, కదలకుండా ఉన్నాయి. “ఇవి పోయాయి వదినా. పోనీ, పాకం పోసి చూడు,” అన్నాడు మరిది. “ఈ చలికి పాకమా? ముందు నువ్వు చన్నీళ్లు పోసుకుని వచ్చి మాట్లాడు,” అని ఆవిడ ఈగల నెత్తిన పాత పేపరు పరిచి, పొడి చక్కెర గుమ్మరించి, అది గడ్డకట్టేటంత మాత్రం నీళ్లు చిలకరించి మూసేసింది.

పదో రోజు ఎండ కాసింది. ఆ పెట్టెలోంచి ఈగలు బిలబిలమంటూ వెళ్లి, కాళ్లనిండా పసుపుపచ్చ పుప్పొడితో తిరిగొచ్చాయి. మరిది వీధంతా పిలుచుకొచ్చి, చచ్చినవాటిని మా వదిన బతికించిందని చాటాడు. వదిన తల కూడా తిప్పలేదు.

“అవి చావలేదు. ఆకలేసింది, చక్కెర పెట్టాను.”